రెండు ఆర్గ్యుమెంట్ల ఫంక్షన్‌ను చుక్కతో కలపడం ఎలా?

నాపరాయి_లెక్క (కడప)

అందరికీ నమస్కారం. మా మేనమామకు ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే చిన్న ఫ్యాక్టరీ ఉంది. బండలను టేపుతో అంగుళాల్లో కొలుస్తారు, అమ్మేది మాత్రం చదరపు అడుగుల లెక్కన. ఆ లెక్క కోసం హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక చిన్న ప్రోగ్రాం రాస్తున్నాను. ఉద్యోగంలో వాడే భాష వేరు. ఇది నేర్చుకోవాలన్న ఉబలాటం కొద్దీ మొదలుపెట్టింది. పేర్లను ఇక్కడ తెలుగులోకి మార్చి పెడుతున్నాను.

    అడుగులు పొడవు వెడల్పు = పొడవు * వెడల్పు / 144
    ఖరీదు చదరం = 40 * చదరం

అడుగుకు 40 రూపాయలన్నది ఉదాహరణకు పెట్టిన ధర, మార్కెట్ ధర అనుకోకండి. 30 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు ఉన్న బండ 5 చదరపు అడుగులు అవుతుంది, ఖరీదు 200 రూపాయలు. విడివిడిగా రెండు ఫంక్షన్లూ సరిగ్గానే పనిచేస్తున్నాయి. రెండింటినీ కలిపి

    బండఖరీదు = ఖరీదు . అడుగులు

అని రాసేసరికి కంపైలర్ ఒప్పుకోవడం లేదు. సంఖ్య ఉండవలసిన చోట ‘సంఖ్య → సంఖ్య’ ఉందనీ, బహుశా ‘అడుగులు’కు ఆర్గ్యుమెంట్లు (ఫంక్షన్‌కు ఇచ్చే విలువలు) తక్కువ ఇచ్చి ఉంటాననీ అంటోంది. చుక్క ఉన్నదే ఫంక్షన్లను కలపడానికి అని చదివాను. మరి రెండు ఆర్గ్యుమెంట్లు తీసుకునే ఫంక్షన్ రాగానే ఎందుకు మొరాయిస్తోంది? ఆర్గ్యుమెంట్లను పేర్లతో రాసుకుంటే పని జరుగుతుందని తెలుసు. అలా రాయకుండా కుదరదా అన్నదే నా ప్రశ్న.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

‘అడుగులు’ రెండు ఆర్గ్యుమెంట్లు తీసుకుంటుందని మీరు అనుకుంటున్నారు, హాస్కెల్ అలా అనుకోవడం లేదు. తగాదా అంతా అక్కడే ఉంది. దాని టైపును, అంటే అది ఏం తీసుకుని ఏం ఇస్తుందన్నదాన్ని, బ్రాకెట్లతో సహా రాసి చూడండి:

    అడుగులు : సంఖ్య → (సంఖ్య → సంఖ్య)

అంటే అది తీసుకునేది ఒక్క పొడవునే. తీసుకుని, ఆ పొడవును గుర్తుంచుకుని వెడల్పు కోసం ఎదురుచూసే ఇంకో ఫంక్షన్‌ను తిరిగి ఇస్తుంది. చుక్కకు తెలిసిన పని ఒక్కటే: కుడివైపు ఫంక్షన్‌కు ఒక ఆర్గ్యుమెంట్ ఇవ్వడం, వచ్చినదాన్ని ఎడమవైపు ఫంక్షన్‌కు అందించడం. ఇక్కడ మొదటి ఆర్గ్యుమెంట్ పడగానే వచ్చింది చదరం కాదు, వెడల్పు ఇంకా తెలియని సగం లెక్క. ఆ సగం లెక్కను 40తో హెచ్చించమంటే కంపైలర్ అడ్డుపడింది.

కాబట్టి మెట్టు మెట్టుగా వెళ్దాం. రెండు పేర్లూ ఉన్న రూపం ఇది:

    బండఖరీదు పొడవు వెడల్పు = ఖరీదు (అడుగులు పొడవు వెడల్పు)

పొడవు ఇచ్చేశాక ‘అడుగులు పొడవు’ అన్నది ఒకే ఆర్గ్యుమెంట్ కోసం చూసే ఫంక్షన్, కాబట్టి దాన్ని చుక్కతో నిశ్చింతగా కలపవచ్చు. వెడల్పు రెండు వైపులా చివర ఉంది గనుక కొట్టేయవచ్చు:

    బండఖరీదు పొడవు = ఖరీదు . అడుగులు పొడవు

ఇక పొడవు మిగిలింది. కుడివైపున ఉన్నదాన్ని ‘(ఖరీదు .)’ అనే పనిని ‘అడుగులు పొడవు’ మీద చేసినట్టుగా చదవండి. అలా చదివితే అది మళ్లీ ఒక ఫంక్షన్ తర్వాత ఇంకో ఫంక్షనే, కాబట్టి ఇంకో చుక్క పడుతుంది:

    బండఖరీదు = (ఖరీదు .) . అడుగులు

మీరు అడిగింది ఇదే. ఇందులోంచి ఖరీదునూ అడుగులనూ కూడా తీసేస్తే మిగిలేది ‘(.) . (.)’ అన్న మూడు చుక్కల బొమ్మ. కొన్ని లైబ్రరీలలో దీనికే ‘.:’ అని గుర్తు పెట్టారు. 1985లో రేమండ్ స్మలియన్ అనే తర్కవేత్త తన పజిళ్ల పుస్తకంలో ఇలాంటి కూర్పులన్నింటికీ పక్షుల పేర్లు పెట్టాడు. ఇది అందులో బ్లాక్‌బర్డ్. హాస్కెల్ భాషకు ఎవరి పేరు పెట్టారో ఆ తర్కవేత్త హాస్కెల్ కర్రీ గారికి పక్షులను చూడడమంటే ఇష్టం కాబట్టి ఆయన గౌరవార్థం అలా పెట్టాడట.

వాడాలా వద్దా అన్నది వేరే మాట. ‘(ఖరీదు .) . అడుగులు’ వరకు నాకు అభ్యంతరం లేదు.

గణితం_సార్ (అనంతపురం)

నేను ప్రోగ్రామర్‌ను కాను. ఇంటర్మీడియట్ పిల్లలకు గణితం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని, ఈ వేదికను అప్పుడప్పుడు చదువుతూ ఉంటాను. బురుజు గారు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు కానీ, ‘రెండు ఆర్గ్యుమెంట్లు’ అన్న ఇబ్బంది అసలు ఎక్కడి నుంచి పుట్టిందో చెప్పవలసి ఉందని అనిపించి రాస్తున్నాను.

మేము చెప్పేటప్పుడు మొదటి అధ్యాయమే ప్రమేయాలు, అంటే మీ ఫంక్షన్లే. ‘అ’ అనే సమితి నుంచి ‘ఆ’ అనే సమితికి ఒక ప్రమేయం, ‘ఆ’ నుంచి ‘ఇ’ అనే సమితికి ఇంకో ప్రమేయం ఉంటే, ‘అ’ నుంచి ‘ఇ’కి సంయుక్త ప్రమేయం ఉంటుంది. మొదటిదాని సహప్రదేశం (ఫలితాలు ఉండే సమితి) రెండోదాని ప్రదేశంతో (అది తీసుకునే విలువల సమితితో) కలవాలన్నది ఒక్కటే షరతు. ఇందులో ఎన్ని రాశులు అన్న ప్రశ్నే రాదు. వైశాల్యం అనే ప్రమేయం రెండు సంఖ్యల మీద పనిచేస్తుందని మనం మాట వరసకు అంటాము. సమితుల భాషలో అది క్రమయుగ్మాల మీద పనిచేసే ప్రమేయం, దాని ప్రదేశం రెండు సమితుల కార్టీసియన్ లబ్ధం. (30, 24) అన్నది ఒకే మూలకం. అలా చూస్తే ఖరీదునూ వైశాల్యాన్నీ కూర్చడానికి అడ్డేమీ లేదు.

బురుజు గారి పద్ధతిలో అదే ప్రమేయం పొడవును తీసుకుని ప్రమేయాన్ని ఇస్తుంది. ఈ రెండు చూపులూ ఒకటేనా అని సందేహం ఉన్నవారు చిన్న సమితులతో లెక్కపెట్టి చూడవచ్చు. మొదటి సమితిలో 2 మూలకాలు, రెండోదానిలో 3, మూడోదానిలో 4 ఉన్నాయనుకుందాం. క్రమయుగ్మాలు 6, ఒక్కో యుగ్మానికి 4 ఎంపికలు కాబట్టి ప్రమేయాల సంఖ్య 4 యొక్క 6వ ఘాతం, అంటే 4096. రెండో చూపులో, 3 మూలకాల నుంచి 4 మూలకాలకు ఉండే ప్రమేయాలు 64. మొదటి సమితిలోని 2 మూలకాలకు ఒక్కోదానికి 64 ఎంపికలు కాబట్టి 64 వర్గం, అదీ 4096. ఇది కాకతాళీయం కాదు, ఘాతాంక న్యాయమే ఇక్కడ రెండు రకాల ప్రమేయాల మధ్య ఒకదానికి ఒకటి చొప్పున, ఏదీ మిగలకుండా కుదిరే జోడింపుగా కనిపిస్తోంది.

ఈ రెండో చూపును తర్కవేత్త మోసెస్ షాన్‌ఫింకెల్ 1924లో అచ్చయిన వ్యాసంలో స్పష్టంగా పెట్టాడు. ఇంకో తర్కవేత్త ఫ్రేగె రాతల్లో ఆ ఆలోచన అంతకు ముందే ఉంది. ‘కర్రీయింగ్’ అని పేరు మాత్రం తర్వాత వచ్చిన కర్రీ మీదుగా పడింది.

కాబట్టి చుక్కది తప్పు కాదు. జతగా ఇచ్చే వస్తువును విడివిడిగా ఇస్తూ, జతకు పనికివచ్చే కూర్పును అడిగారు, అంతే.

నాపరాయి_లెక్క (కడప)

సార్, ధన్యవాదాలు. 4096 రెండు వైపులా రావడం కాగితం మీద వేసి చూశాను. విడివిడిగా తీసుకునే ఫంక్షన్‌ను జతను తీసుకునేలా మార్చే ‘అన్‌కర్రీ’ ఉంది కదా, అయితే మీ చూపును హాస్కెల్‌లో ఇలా రాయవచ్చునా?

    బండఖరీదు = ఖరీదు . అన్‌కర్రీ అడుగులు

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

రాయవచ్చు, కాకపోతే ఇప్పుడది జతను అడుగుతుంది: ‘బండఖరీదు (30, 24)’. విడివిడిగా ఇవ్వాలంటే మొత్తాన్ని తిరిగి ‘కర్రీ’లో పెట్టాలి. విప్పి, కలిపి, మళ్లీ కట్టడం అన్నమాట. పాయింట్-ఫ్రీ (ఆర్గ్యుమెంట్ల పేర్లు లేకుండా) రాయబోయి కర్రీ పాయింటు పెట్టినట్టు అవుతుందని మా ఆఫీసులో ఒక పాత జోకు.

పెన్న_ఒడ్డు (ప్రొద్దుటూరు)

వెబ్ పేజీల్లో వాడే జావాస్క్రిప్ట్ భాష వైపు నుంచి ఒక మాట. అందులోని రామ్డా లైబ్రరీలో ఫంక్షన్లను కలిపే ‘కంపోజ్’కు నియమం ఏమిటంటే, అన్నింటికన్నా కుడివైపున ఉన్న ఫంక్షన్ ఎన్ని ఆర్గ్యుమెంట్లైనా తీసుకోవచ్చు, మిగతావన్నీ ఒక్కటే తీసుకోవాలి. కాబట్టి మీ ప్రశ్న అక్కడ పుట్టనే పుట్టదు:

    కంపోజ్(ఖరీదు, అడుగులు)(30, 24)

అని రాస్తే నేరుగా 200 వస్తుంది. క్లోజర్ భాషలోని ‘కాంప్’ కూడా ఇంతే. ఫంక్షన్ తిరిగి ఇచ్చేది ఎప్పుడూ ఒక్కటే విలువ గనుక మొదటి మెట్టు దాటాక అన్నీ ఏకాకి ఆర్గ్యుమెంట్లే అవుతాయి. ఆ మొదటి మెట్టుకే సడలింపు ఇచ్చారు. ఆచరణలో నూటికి తొంభై చోట్ల ఇది చాలు.

అయితే ఈ సడలింపుకు ఇంకో ముఖం ఉంది. జావాస్క్రిప్ట్‌లో ఫంక్షన్‌కు ఎక్కువ ఆర్గ్యుమెంట్లు ఇచ్చినా, తక్కువ ఇచ్చినా భాష ఏమీ అనదు. అక్షరాల రూపంలో ఉన్న మూడు పదులను పూర్ణాంకాలుగా మార్చడానికి

    ["10", "10", "10"].మ్యాప్(పార్స్‌ఇంట్)

అని రాసి చూడండి. మూడు పదులు రావు. మొదటిది 10, రెండోది ‘సంఖ్య కాదు’ అనే విలువ, మూడోది 2. ఎందుకంటే జాబితాలోని ప్రతి అంశం మీదా ఫంక్షన్‌ను నడిపే మ్యాప్ ఆ ఫంక్షన్‌కు ఒక్కటి కాదు, మూడు ఆర్గ్యుమెంట్లు అందిస్తుంది: అంశం, దాని వరుస సంఖ్య, మొత్తం జాబితా. పార్స్‌ఇంట్‌కు రెండో ఆర్గ్యుమెంట్ సంఖ్యామానపు ఆధారం. వరుస సంఖ్యలు 0 నుంచి మొదలవుతాయి కదా; ఆధారం 0 అంటే మామూలు దశాంశంగా తీసుకుంటుంది, ఆధారం 1 చెల్లదు, ఆధారం 2లో ‘10’ అంటే రెండు. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఇద్దరూ తమ తమ ఒప్పందం ప్రకారమే నడిచారు. నేను ఈ గోతిలో పడ్డాను, ఒక పూటంతా డేటాబేసును అనుమానించాను.

ఆ అనుభవం తర్వాత హాస్కెల్ మొరాయించడం నాకు నచ్చడం మొదలైంది. ఎన్ని ఆర్గ్యుమెంట్లు అన్నది టైపులో భాగమైనచోట ఇలాంటిది జరగదు.

ఇంకొకటి. పైపు గుర్తు ఉన్న భాషల్లో కూడా ఏ ఆర్గ్యుమెంట్ ఎక్కడ పడుతుందన్నది తెలుసుకోవాలి. ఓక్యామెల్, ఎఫ్‌షార్ప్ భాషల్లో ‘|>’ ఎడమవైపు విలువను ఫంక్షన్‌కు చివరి ఆర్గ్యుమెంట్‌గా చేరుస్తుంది. ఎలిక్సిర్‌లో అదే గుర్తు మొదటి ఆర్గ్యుమెంట్‌గా చేరుస్తుంది. ఒకదాని అలవాటుతో ఇంకోదాంట్లో రాస్తే చేయి తిరగడానికి కొన్నాళ్లు పడుతుంది.

నాపరాయి_లెక్క (కడప)

ప్రశ్న ఇంకొంచెం పెరిగింది, క్షమించాలి. రెండు బండల్లో పెద్దదేదో చెప్పే ఫంక్షన్ కావాలి, అంటే రెండు వైపులా ముందు విస్తీర్ణం కట్టి తర్వాత పోల్చాలి. ఇంకోచోట ఒక లోడులోని బండల సగటు విస్తీర్ణం కావాలి, అంటే ఒకే జాబితా నుంచి మొత్తమూ లెక్కా రెండూ తీసి భాగించాలి. రెండింటిలోనూ చివరి ఫంక్షన్‌కు రెండు ఆర్గ్యుమెంట్లు ఉన్నాయి. ‘(.) . (.)’ను ఎటు తిప్పినా ఇవి రావడం లేదు.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

రావు, ఎందుకంటే వాటి ఆకారం వేరు. మీ మొదటి ప్రశ్నలో రెండు ఆర్గ్యుమెంట్లు ముందు ఫంక్షన్‌కు ఉన్నాయి. ఇప్పుడు వెనక ఫంక్షన్‌కు ఉన్నాయి. ఈ తేడా పట్టుకోకుండా చుక్కల సంఖ్య పెంచుకుంటూ పోవడమే అందరూ చేసే పొరపాటు. నేనూ చేశాను.

పోలికలో రెండు వేర్వేరు బండలు వస్తాయి, రెండింటి మీదా ఒకే పని జరుగుతుంది, ఫలితాలు ఒకచోట కలుస్తాయి. దీనికి డేటా.ఫంక్షన్ మాడ్యూల్‌లో ‘ఆన్’ ఉంది:

    విస్తీర్ణం = అన్‌కర్రీ అడుగులు
    బండపోలిక = పోల్చు `ఆన్` విస్తీర్ణం

చదవడానికి కూడా బాగుంటుంది: విస్తీర్ణం మీద పోల్చు. (30, 24)నూ (24, 24)నూ ఇస్తే 5ను 4తో పోలుస్తుంది. పేర్లు వదిలేసి రాసిన రూపం పేర్లతో రాసినదానికన్నా తేటగా ఉండే అరుదైన చోట్లలో ఇదొకటి, వెనకాడకుండా వాడండి.

సగటులో వచ్చేది ఒకే జాబితా. అది రెండు పాయలుగా చీలి, ఒక పాయలో మొత్తం, ఇంకో పాయలో లెక్క అయ్యి, భాగహారం దగ్గర కలుస్తుంది:

    సగటు = లిఫ్ట్‌ఏ2 (/) మొత్తం లెక్క

లెక్క పూర్ణాంకాన్ని ఇస్తుంది, దాన్ని భిన్న సంఖ్యగా మార్చే మెట్టును ఇక్కడ వదిలేశాను. మీరు ఫైలులో రాసేటప్పుడు మరచిపోతే కంపైలరే గుర్తుచేస్తుంది. లిఫ్ట్‌ఏ2 పేరు చూసి భయపడకండి. ఫంక్షన్ల విషయంలో దాని అర్థం ‘ఇద్దరికీ అదే ఆర్గ్యుమెంట్ ఇచ్చి, వచ్చిన రెంటినీ దీనికి ఇవ్వు’ అని మాత్రమే.

ఈ చీలిక ఆకారాన్ని వ్యాకరణంలోనే పెట్టుకున్న ‘జె’ అనే భాష ఉంది. దాన్ని కెన్నెత్ ఐవర్సన్, రోజర్ హుయ్ కలిసి 1990లో తెచ్చారు. అందులో మూడు ఫంక్షన్లను పక్కపక్కన పెడితే చాలు, మధ్యది భాగస్వాములిద్దరి ఫలితాలనూ కలుపుతుంది. సగటు మొత్తం ఇంతే:

    +/ % #

ఎడమ కూడిక, కుడి లెక్కింపు, మధ్యలో భాగహారం. జెలో భాగహారపు గుర్తు అదే. చుక్క లేదు, లిఫ్ట్ లేదు, ఆర్గ్యుమెంట్ పేరు లేదు. మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను.

రెండు వేర్వేరు ఆర్గ్యుమెంట్ల మీద రెండు వేర్వేరు పనులు చేసి కలపవలసి వస్తే, ఉదాహరణకు కొనేవారు పొడవు అడుగుల్లోనూ వెడల్పు అంగుళాల్లోనూ చెబితే, హాస్కెల్‌లో దానికీ ‘***’ అని గుర్తు ఉంది. అక్కడ మాత్రం నేను ఏ గుర్తూ వాడను, పేర్లు పెట్టి రాసేస్తాను.

బుడ్డల_మండీ (ఆదోని)

నా అనుభవం చెబితే ఎవరికైనా పనికివస్తుందేమో. కొన్నేళ్ల క్రితం ఒక బుడ్డల మండీకి పట్టీ లెక్క రాశాను. బుడ్డలంటే వేరుశనగకాయలు, అనంతపురం వారు శనక్కాయలంటారు. గోతం తూకం ఒక కిలో తీసేసి మిగతాదానికి ధర కట్టాలి:

    విలువ తూకం సంచులు ధర = (తూకం - సంచులు) * ధర

మూడు ఆర్గ్యుమెంట్లు. దీని వెనక కమీషన్ తీసే ఫంక్షన్‌ను కూర్చాలి, ముందు ఆ రోజు ధరను నింపి పెట్టుకోవాలి. ధర చివర ఉంది కదా, దాన్ని ముందుకు తేవడానికి, మొదటి రెండు ఆర్గ్యుమెంట్ల వరుసను తారుమారు చేసే ‘ఫ్లిప్’లు వాడాను. ఒకదాని మీద ఒకటి రెండు ఫ్లిప్‌లు, మధ్యలో చుక్కలు. కంపైల్ అయ్యింది. మూడూ సంఖ్యలే, ఏది ఎటు వెళ్లినా కంపైలర్‌కు పట్టదు.

పరీక్షకు ఒక్క సంచి తీసుకున్నాను. తూకం 42 కిలోలు, ధర కిలోకు 60 అనుకుంటే రావలసింది 41ని 60తో హెచ్చిస్తే 2460. నాకు 2478 వచ్చింది. పైసలను గుండ్రం చేయడంలో ఎక్కడో తేడా ఉంటుంది, తర్వాత చూద్దాం అనుకున్నాను. ఇంత బుద్ధి తక్కువ ఆలోచన మళ్లీ చేయలేదు. నిజానికి జరిగింది ఏమిటంటే ఫ్లిప్‌ల గందరగోళంలో తూకం ధర చోటికీ, ధర తూకం చోటికీ పోయాయి: 60లోంచి 1 తీసి 42తో హెచ్చించింది. ఒక్క సంచితో 18 రూపాయల తేడా. మరునాడు 30 సంచుల సరుకు వచ్చింది, తూకం 1200 కిలోలు. రైతుకు రావలసింది 70,200 రూపాయలు. పట్టీలో పడింది 36,000. ఆ రైతు కాగితం తిప్పి తిప్పి చూసి, గుమాస్తా ముందు బల్ల మీద పెట్టి, వేలితో లెక్క వేసి చూపించాడు. నేను పక్కనే ఉన్నాను.

ఆ తర్వాత రెండు మార్పులు చేశాను. తూకం, ధర, సంచులు మూడింటికీ మూడు వేర్వేరు కొత్త టైపులు పెట్టాను, లోపల ఉన్నది సంఖ్యే అయినా ఒకదాని చోట ఇంకోదాన్ని పెడితే కంపైలరే ఆపేస్తుంది. రెండోది, ఆర్గ్యుమెంట్ల వరుస మార్చాను. రోజంతా మారనిది ముందు, ప్రతి పట్టీకీ మారేది చివర: ధర, సంచులు, తూకం. అప్పుడు ఉదయాన్నే ‘విలువ నేటిధర’ అని ఒకసారి కట్టి పెట్టుకుంటే ఫ్లిప్ అవసరమే రాలేదు. కూర్పు కష్టంగా ఉందంటే చాలాసార్లు వరుస తప్పుగా పెట్టుకున్నామని అర్థం.

గణితం_సార్ (అనంతపురం)

బుడ్డల మండీ గారు చెప్పిన 18 రూపాయల ఉదంతం నేను పాఠంలో చెప్పి ఉండవలసింది. వ్యవకలనానికి వినిమయ ధర్మం లేదని ఏటా చెప్పేవాణ్ని, దాని విలువ 34,200 రూపాయలని ఎప్పుడూ చెప్పలేదు.

జతగా ఇవ్వడం అన్న నా మొదటి మాటకు ప్రోగ్రామింగ్‌లో పెద్దల మద్దతు ఉందని మా అబ్బాయి చూపించాడు. ఫోర్‌ట్రాన్ రూపొందించిన జాన్ బ్యాకస్ 1977లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నప్పుడు చేసిన ప్రసంగం మరుసటి ఏడు అచ్చయింది. అందులో ఆయన ప్రతిపాదించిన పద్ధతిలో ప్రతి ప్రమేయమూ ఒకే వస్తువును తీసుకుంటుంది. రెండు కావాలంటే వాటిని ఒక వరుసగా కట్టి ఇస్తారు. అంతర లబ్ధాన్ని ఆయన మూడు ప్రమేయాల కూర్పుగా రాశాడు. ముందు వరుసలను అడ్డంగా తిప్పి జతలు చేయాలి, తర్వాత ప్రతి జతనూ హెచ్చించాలి, చివరకు అన్నింటినీ కూడాలి. ఎక్కడా చలరాశి పేరు లేదు.

నాపరాయి గారి బండల్లాంటి మూడింటి మీద వేసి చూశాను. పొడవులు 30, 24, 36. వెడల్పులు 24, 24, 20. అడ్డంగా తిప్పితే (30, 24), (24, 24), (36, 20). హెచ్చిస్తే 720, 576, 720. కూడితే 2016. దాన్ని 144తో భాగిస్తే సరిగ్గా 14 చదరపు అడుగులు, శేషం లేదు. మూడు కూర్పులూ ఒకే వస్తువు నుంచి ఒకే వస్తువుకు వెళ్లినవే, రెండు ఆర్గ్యుమెంట్ల సమస్య ఎక్కడా తల ఎత్తలేదు.

పెన్న_ఒడ్డు (ప్రొద్దుటూరు)

సార్, లెక్క ముచ్చటగా ఉంది. ఒక్క అభ్యంతరం మాత్రం చెప్పాలి. అన్నింటినీ జతలు చేసి ఇస్తే, బుడ్డల మండీ గారు చేసినట్టు ధరను మాత్రం ముందే నింపి పెట్టుకోవడం కుదరదు. జత వస్తే రెండూ కలిసే రావాలి. ఆ సౌకర్యం కోసమే కదా విడివిడిగా తీసుకునేది.

గణితం_సార్ (అనంతపురం)

ఒప్పుకుంటున్నాను. పొడవు, వెడల్పు ఎప్పుడూ కలిసే వస్తాయి, ఒక బండకు సంబంధించినవి, కాబట్టి వాటిని జతగా ఉంచడం సహజం. ధర బండది కాదు, ఆ రోజుది. దాన్ని విడిగా తీసుకోవాలి. నేను రెండింటినీ ఒకే గాటన కట్టాను.

నాపరాయి_లెక్క (కడప)

సార్ చివరి మాటతో నాకు దారి దొరికింది. రాత్రి కూర్చుని మొత్తం తిరగరాశాను. పొడవు, వెడల్పులను ‘బండ’ అనే ఒకే టైపులో పెట్టాను. ధరను విడిగా, ముందు ఆర్గ్యుమెంట్‌గా పెట్టాను. చదరానికీ రూపాయికీ వేర్వేరు టైపులు పెట్టాను. ఇప్పుడు నేను మొదట రాసి తిట్టు తిన్న వాక్యమే దాదాపుగా పనిచేస్తోంది:

    బండఖరీదు ధర = ఖరీదు ధర . విస్తీర్ణం
    లోడుఖరీదు ధర = మొత్తం . మ్యాప్ (బండఖరీదు ధర)
    బండపోలిక = పోల్చు `ఆన్` విస్తీర్ణం

సార్ ఇచ్చిన మూడు బండలకు 40 చొప్పున 560 రూపాయలు వచ్చింది. మామకు చూపిస్తే ఆయన కాగితం మీద వేసుకుని సరిపోయిందన్నాడు. ‘ధర’ పేరును కూడా తీసేయాలంటే మళ్లీ ‘(. విస్తీర్ణం) . ఖరీదు’ అని రాయాలని తెలిసింది, రాసి చూసి, తీసేశాను. పేరు ఉండడమే బాగుంది. సగటును కూడా లిఫ్ట్‌ఏ2తో కాకుండా మామూలుగా రాసుకున్నాను. బురుజు గారు ఏమనుకుంటారో.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

ఏమీ అనుకోను, నేను కూడా ఆఫీసులో అలాగే రాస్తాను. ఇక్కడ చూపించింది ఆకారం తెలియాలని.

బుడ్డల_మండీ (ఆదోని)

నాపరాయి గారూ, ఒక్క బండతో కాకుండా ముప్పై బండలతో పరీక్షించారా?

నాపరాయి_లెక్క (కడప)

ముప్పై రెండు బండల పాత బిల్లుతో పోల్చి చూశానండీ, రూపాయి తేడా లేదు. అయితే మామ ఇప్పుడు మందాన్ని బట్టి ధర మారాలంటున్నాడు. అంటే ఇంకో ఆర్గ్యుమెంట్.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

మందం బండది. బండలోనే పెట్టండి. ‘(.) . (.) . (.)’ అని మాత్రం మొదలుపెట్టకండి.